నాలుగు పోస్టుకార్డుల మీద నడిచే కారు

పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రదీపం వెలగగానే కార్లన్నీ వరుసగా ఆగిపోతాయి. ఒక్కొక్క కారు బరువు సుమారు వెయ్యి కిలోలు, కొన్నింటిది అంతకు మించి ఉంటుంది. అంత బరువును ఆపింది ఏమిటి? "బ్రేకులు" అని మీరు వెంటనే జవాబు చెబుతారు. కాని బ్రేకులు ఆపేది చక్రం తిరగడాన్ని మాత్రమే. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. రోడ్డు మీద నూనె ఒలికి ఉంటే, చక్రాలు తిరగడం ఆగినా కారు జారుతూ ముందుకు పోతుంది కదా!

మరి ఆ టైరు నేలను తాకే మేర ఎంత? ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. మనుషులతో కలిపి కారు బరువు 1200 కిలోలు అనుకోండి. ఒక్కొక్క టైరు మీద పడేది 300 కిలోలు. టైరులో గాలి చదరపు అంగుళానికి 33 పౌన్లు ఉంటే, అది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోలతో సమానం. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదని మీరు చదువుకున్నారు. కనుక 300ను 2.3తో భాగిస్తే వచ్చే వైశాల్యం 130 చదరపు సెంటీమీటర్లు. మన పోస్టుకార్డు 14 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు ఉంటుంది. దాని వైశాల్యం 126 చదరపు సెంటీమీటర్లు. రెండూ దాదాపు ఒకటే!

అంటే కారు మొత్తం నేలను తాకేది నాలుగు పోస్టుకార్డులంత మేర. కదలడం, మలుపు తిరగడం, ఆగడం అన్నీ ఆ కాస్త రబ్బరు మీదనే జరగాలి. అందుకే టైర్ల దుకాణంలో "ఏ టైరు మంచిది?" అనే ప్రశ్న తరచూ వినబడుతుంది. వేగంగా పోయే కార్ల కోసం "పెర్ఫార్మెన్స్ టైర్లు" అని ప్రత్యేకంగా అమ్ముతారు. వాటి ధర కూడా ఎక్కువే. అవి నిజంగా మేలైనవా? పోల్చడం ఎలా?

మూడు కోరికలు

మీ జామెట్రీ బాక్సులోని రబ్బరును గుర్తు తెచ్చుకోండి. మెత్తని రబ్బరు పెన్సిలు గీతలను చక్కగా తుడుస్తుంది, కాని త్వరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరు ఏడాదంతా ఉంటుంది, కాని సరిగా తుడవదు. టైరు సంగతి కూడా ఇంతే.

టైరు నుండి మనం మూడు కోరుకుంటాం. రోడ్డును గట్టిగా పట్టుకోవాలి. చాలా కాలం మన్నాలి. ఇంధనం తక్కువ ఖర్చు కావాలి. చిక్కేమిటంటే, ఒకదాన్ని పెంచితే మిగిలిన రెండూ తగ్గుతుంటాయి. పెర్ఫార్మెన్స్ టైరులో పట్టుకు మొదటి స్థానం ఇస్తారు. దాని రబ్బరు మెత్తన, వెడల్పు ఎక్కువ, పక్కగోడ ఎత్తు తక్కువ. కనుక అది త్వరగా అరుగుతుంది.

ఒకే కంపెనీ తయారు చేసే టైర్లను చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. బ్రిడ్జిస్టోన్ కంపెనీ వేగానికి పొటెంజా, సుఖ ప్రయాణానికి టురాంజా, ఇంధనం పొదుపుకు ఎకోపియా అని వేర్వేరు రకాలు చేస్తుంది. మిషెలిన్ కంపెనీకి పైలట్ స్పోర్ట్, ప్రైమసీ, ఎనర్జీ అనే రకాలు ఉన్నాయి. ఒకే టైరు అన్ని విధాలా మేలైనదయితే ఇన్ని రకాలు చేయవలసిన పని ఏముంది?

రబ్బరు రోడ్డును ఎలా పట్టుకుంటుంది?

రబ్బరు రెండు విధాలుగా రోడ్డును పట్టుకుంటుంది. మొదటిది అంటుకోవడం. రబ్బరు అణువులు రోడ్డు ఉపరితలానికి చాలా దగ్గరగా చేరి దానిని ఆకర్షిస్తాయి. రోడ్డు పొడిగా, శుభ్రంగా ఉంటేనే ఇది బాగా జరుగుతుంది. మధ్యలో నీటిపొర ఉంటే అంటుకోవడం తగ్గిపోతుంది.

రెండవది ఒదగడం. తారు రోడ్డు నున్నగా కనబడినా, దాని నిండా చిన్న చిన్న కంకర మొనలు ఉంటాయి. రబ్బరు ఆ మొనల చుట్టూ ఒదిగి, వాటిని దాటుతూ తిరిగి తన ఆకారానికి వస్తుంది. ఒదగడానికి ఖర్చయిన శక్తి అంతా తిరిగి రాదు. కొంత వేడిగా మారిపోతుంది. ఆ మేరకు కారు గతిజశక్తి తగ్గుతుంది, అంటే కారు నెమ్మదిస్తుంది. రోడ్డు తడిసినా ఈ రెండవ పట్టు చాలావరకు మిగిలి ఉంటుంది. వానలో మనలను కాపాడేది ముఖ్యంగా ఇదే.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒక రబ్బరు బంతిని మీటరు ఎత్తు నుండి వదలండి. ఎంత ఎత్తుకు ఎగిరిందో గుర్తు పెట్టండి. తర్వాత దానిని ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి మళ్లీ వదలండి. ఈసారి తక్కువ ఎత్తుకు ఎగురుతుంది. చల్లబడిన రబ్బరు ఎక్కువ శక్తిని తనలోనే పోగొట్టుకుంటుందన్నమాట. రబ్బరు గుణం ఉష్ణోగ్రతతో మారుతుందని దీనివల్ల తెలుస్తుంది.

కాని ఈ శక్తి నష్టం కత్తికి రెండు వైపులా పదును లాంటిది. బ్రేకు వేసినప్పుడు అది మనకు మేలు చేస్తుంది. మామూలుగా వెళుతున్నప్పుడు మాత్రం అదే నష్టం ఇంధనాన్ని తినేస్తుంది. టైరు ఒక్కొక్క చుట్టు తిరిగినప్పుడల్లా నేలను తాకిన భాగం నొక్కుకుని మళ్లీ లేస్తుంది. ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది.

పైన మెట్రో, కింద కారు

అమీర్‌పేట, పంజాగుట్ట స్టేషన్ల మధ్య రోడ్డు మీద నిలబడితే రెండు రకాల చక్రాలు ఒకేసారి కనబడతాయి. పైన వంతెన మీద మెట్రో రైలు ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రాలతో పోతుంది. కింద కార్లు రబ్బరు టైర్లతో పోతాయి. ఉక్కు చక్రం దాదాపుగా నొక్కుకోదు. అందుచేత వెయ్యి కిలోల బరువును సమతలం మీద దొర్లించడానికి రైలుకు 1 లేక 2 కిలోల బలం చాలు. కారు టైర్లకు సుమారు 10 కిలోల బలం కావాలి. ఇంధనం లెక్కలో ఉక్కుదే గెలుపు.

కాని ఆగవలసి వస్తే? ఉక్కుకు ఉక్కు మీద పట్టు తక్కువ. రైలుకు ఆగడానికి చాలా దూరం కావాలి. దాని దారికి ఎవరూ అడ్డురారు కనుక సరిపోతుంది. కింద రోడ్డు మీద ఏ క్షణాన ఎవరు అడ్డు వస్తారో తెలియదు. అందుకని మనం ఇంధనం ఎక్కువ పోయినా రబ్బరునే కోరుకుంటాం.

పట్టు తగ్గకుండా ఇంధనం ఆదా చేయడం అసాధ్యమా? ఇక్కడ రసాయన శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. మామూలు టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు అది సెకనుకు 7 సార్లు తిరుగుతుంది. అంటే రబ్బరు సెకనుకు 7 సార్లు నొక్కుకుంటుంది. కాని బ్రేకు వేసినప్పుడు రబ్బరు కంకర మొనల మీద జారుతుంది. ఆ మొనల మధ్య దూరం మిల్లీమీటరులో పదో వంతు, జారే వేగం సెకనుకు ఒక మీటరు అనుకుంటే, రబ్బరు సెకనుకు పదివేల సార్లు అదురుతుంది! నెమ్మది కదలికలో తక్కువ శక్తినీ, వేగమైన అదురులో ఎక్కువ శక్తినీ పోగొట్టుకునే రబ్బరును తయారు చేస్తే రెండు కోరికలూ తీరుతాయి.

రబ్బరు గట్టిదనం కోసం చాలా కాలంగా అందులో మసి లాంటి కార్బన్ బ్లాక్ కలుపుతున్నారు. టైరు నల్లగా ఉండటానికి కారణం అదే. 1992లో మిషెలిన్ కంపెనీ ఇందులో చాలా భాగానికి బదులు సిలికాను వాడి టైర్లను అమ్మకానికి తెచ్చింది. ఇసుకలో ఉండే పదార్థమే సిలికా. దీనివల్ల తడి రోడ్డు మీద పట్టు చెడకుండానే ఇంధనం ఖర్చు తగ్గింది. నేటి మంచి టైర్లలో సిలికా సాధారణమైపోయింది.

వెడల్పు పెరిగితే ఏమవుతుంది?

టైరు పక్కగోడ మీద 205/55 ఆర్ 16 91 వి వంటి అంకెలు ఇంగ్లీషు అక్షరాలతో అచ్చువేసి ఉంటాయి. 205 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 55 శాతం. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం. 16 అంటే లోపలి లోహపు చక్రం వ్యాసం అంగుళాలలో. 91 అనేది బరువు సూచిక. ఆ టైరు 615 కిలోలు మోయగలదు. వి అనేది వేగ సూచిక, గంటకు 240 కి.మీ. వరకు. టి అయితే 190, హెచ్ అయితే 210, డబ్ల్యు అయితే 270.

ఇప్పుడొక ప్రశ్న. వెడల్పు టైరు వేస్తే నేలను తాకే వైశాల్యం పెరుగుతుందా? పైన మనం చేసిన లెక్కను మళ్లీ చూడండి. అందులో బరువు, గాలి పీడనం మాత్రమే ఉన్నాయి. వెడల్పు ఎక్కడా లేదు! గాలి పీడనం మార్చకపోతే వైశాల్యం రమారమి అంతే ఉంటుంది. మారేది ఆకారం. సన్నని టైరు కింద పోస్టుకార్డు నిలువుగా పరచినట్లు, వెడల్పు టైరు కింద అడ్డంగా పరచినట్లు ఉంటుంది. అడ్డంగా ఉన్న ఆకారం మలుపుల్లో పక్కకు లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది. పొట్టి పక్కగోడ తక్కువగా వంగుతుంది. స్టీరింగు తిప్పిన వెంటనే కారు మాట వింటుంది.

ఇందుకు చెల్లించే మూల్యం కూడా ఉంది. 195/65 ఆర్ 15, 205/55 ఆర్ 16, 225/45 ఆర్ 17 అనే మూడు టైర్ల బయటి వ్యాసాలు లెక్క కట్టండి. మూడూ దాదాపు 63 సెంటీమీటర్లే. అందుకే స్పీడోమీటరు తప్పు చూపకుండా ఒకదాని బదులు మరొకటి వేయగలుగుతారు. కాని పక్కగోడ ఎత్తు మొదటిదానిలో 127 మి.మీ., మూడవదానిలో 101 మి.మీ. మాత్రమే. గుంతలో పడినప్పుడు దెబ్బను ఓర్చుకునేది పక్కగోడలోని గాలి. అది తగ్గితే పక్కగోడ చక్రానికీ రోడ్డుకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, బయటకు ఉబ్బు వస్తుంది. ఆ టైరును పారవేయవలసిందే. కారు తయారీదారు అనుమతించిన సైజులు దాటి పోకూడదు.

వాన పడితే

జోరువాన పడితే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నీరు నిలవడం నగరవాసులకు తెలిసిన సంగతే. తడి రోడ్డు మీద టైరుకు మరో పని పడుతుంది. ముందున్న నీటిని తోసివేయాలి. 205 మి.మీ. వెడల్పు టైరు, 3 మి.మీ. లోతు నీరు, గంటకు 72 కి.మీ. వేగం అనుకుంటే, సెకనుకు 12 లీటర్లు తోయాలి. అంటే సెకనుకు ఒక బక్కెట్టు! టైరు మీది గాళ్ళు ఉన్నది ఈ నీరు పోవడానికే. అవి నిండిపోతే నీరు టైరు కిందికి దూరి దానిని పైకి లేపుతుంది. అప్పుడు కారు నీటి మీద తేలుతుంది. స్టీరింగు తిప్పినా తిరగదు, బ్రేకు వేసినా ఆగదు.

1963లో అమెరికాలోని నాసా పరిశోధకులు విమానాల టైర్లను పరీక్షించి ఇందుకు ఒక సులభమైన సూత్రం ఇచ్చారు. గాలి పీడనాన్ని చదరపు అంగుళానికి పౌన్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే, టైరు తేలే వేగం నాట్లలో వస్తుంది. ఒక నాటు గంటకు 1.852 కి.మీ. గాళ్ళు నిండిపోయేటంత నీరు ఉన్నప్పుడు ఇది వర్తిస్తుంది. 33 పౌన్లకు లెక్క కడితే గంటకు సుమారు 96 కి.మీ. వస్తుంది. గాలి 20 పౌన్లకు తగ్గితే 75 కి.మీ.కే టైరు తేలుతుంది. గాలి చూసుకోకపోవడం ఎంత ప్రమాదమో గమనించండి.

గాళ్ళు నీటి కోసమే గనుక, పొడి రోడ్డు మీద పందెం కార్లు చాలావాటికి గాళ్ళే లేని నున్నని టైర్లు వేస్తారు. వాన వస్తే వాటిని మార్చాలి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. పంజాగుట్టకు అది ఎంతో దూరం కాదు. 2.83 కి.మీ. చుట్టు గల ఆ దారిలో అన్ని కార్లూ హాంకుక్ కంపెనీ చేసిన ఒకే రకం టైర్లు వాడాయి. వాటికి గాళ్ళు ఉంటాయి, ఎండకూ వానకూ అవే. నగర వీధుల్లో నడిచే పందానికి తగిన ఎంపిక అది.

ఎనిమిది మీటర్ల తేడా

ఇంతకూ పట్టు కాస్త తగ్గితే ఏమవుతుంది? బ్రేకు వేశాక కారు పోయే దూరం = వేగం వర్గం ÷ (2 × ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం). గంటకు 50 కి.మీ. అంటే సెకనుకు 13.9 మీటర్లు. ఘర్షణ గుణకానికి ఉదాహరణగా కొన్ని విలువలు తీసుకుందాం.

పొడి రోడ్డు, మంచి టైరు (0.9): 10.9 మీటర్లు
తడి రోడ్డు, లోతైన గాళ్ళున్న మంచి టైరు (0.6): 16.4 మీటర్లు
తడి రోడ్డు, అరిగిపోయిన టైరు (0.4): 24.6 మీటర్లు

చివరి రెండింటి మధ్య తేడా 8 మీటర్లు దాటింది. మరొక లెక్క చూడండి. మంచి టైరు కారు పూర్తిగా ఆగిన చోట, అరిగిన టైరు కారు ఇంకా గంటకు 29 కి.మీ. వేగంతో పోతూ ఉంటుంది. రోడ్డు దాటుతున్న మనిషి ఆ ఎనిమిది మీటర్లలోనే ఉండవచ్చు.

పోల్చడంలో న్యాయం

"నా టైరు చాలా బాగుంది" అని ఎవరైనా అంటే అది పరీక్ష కాదు. శాస్త్రీయమైన పరీక్షలో ఒక్కటే మారాలి, మిగిలినవన్నీ అలాగే ఉండాలి. కారు, గాలి పీడనం, రోడ్డు, నీటి లోతు, బ్రేకు వేసే వేగం ఒకటే కావాలి. టైరు మాత్రమే మారాలి. పైగా మధ్యాహ్నానికి రోడ్డు వేడెక్కుతుంది కనుక, ఒక ప్రమాణ టైరును మొదటా చివరా పరీక్షించి తేడాను సరిచేయాలి. ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం జరిగే తడి పట్టు పరీక్షలో గంటకు 80 కి.మీ. నుండి 20 కి.మీ.కు వేగం తగ్గడాన్ని కొలిచి, ఒక ప్రమాణ టైరుతో పోలుస్తారు. యూరపు దేశాల్లో 2012 నుండి టైరు మీద లేబులు అంటిస్తున్నారు. అందులో తడి పట్టు, ఇంధనం పొదుపు, చప్పుడు అనే మూడూ విడివిడిగా ఉంటాయి. మూడింటినీ కలిపి ఒకే మార్కు ఇవ్వకపోవడం తెలివైన పని. ఎందుకో ఆలోచించండి.

కొన్ని టైర్ల మీద "ట్రెడ్‌వేర్" అనే అంకె కూడా ఉంటుంది. 100 ప్రమాణంగా అంకె పెరిగినకొద్దీ మన్నిక ఎక్కువ. కాని ఈ అంకెను తయారీదారే నిర్ణయిస్తాడు. కనుక ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికే అది బాగా పనికివస్తుంది.

మన రోడ్డుకు ఏది?

పంజాగుట్ట, అమీర్‌పేటల మీదుగా పోయే ఈ రోడ్డునే పట్టుకుని పడమరగా వెళితే కూకట్‌పల్లి, పటాన్‌చెరు, సంగారెడ్డి దాటాక సదాశివపేట వస్తుంది. అక్కడ ఎమ్మారెఫ్ టైర్ల కర్మాగారం ఉంది. 1946లో మద్రాసులో ఆట బుడగలు చేయడంతో మొదలైన కంపెనీ అది. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీసిటీ సమీపాన చినపాండూరులో అపోలో కంపెనీ 2020లో టైర్ల ఉత్పత్తి ప్రారంభించింది. టైర్ల తయారీ మనకు దూరపు సంగతి కాదు.

మరి అమీర్‌పేటలో రోజూ తిరిగే కారుకు ఏ టైరు తగినది? ఇక్కడ గంటకు 240 కి.మీ. వేగం ఎవరికీ అవసరం లేదు. వేగంగా తిరగవలసిన మలుపులూ లేవు. ఉన్నవి సిగ్నళ్లు, గుంతలు, హఠాత్తుగా రోడ్డు దాటే మనుషులు, నాలుగు నెలల వానలు. కాబట్టి తడి పట్టు బాగా ఉండి, పక్కగోడ మరీ పొట్టిగా లేని టైరే ఇక్కడ మేలైనది. అవుటర్ రింగు రోడ్డు మీద తరచూ వేగంగా పోయే బలమైన కారుకైతే లెక్క వేరు. దానికి పెర్ఫార్మెన్స్ టైరు అలంకారం కాదు, అవసరం.

ఒక్క మాట మాత్రం మరువరాదు. అరిగిన పెర్ఫార్మెన్స్ టైరు కంటే గాళ్ళు లోతుగా ఉన్న మామూలు టైరు వానలో నయం. కొత్త టైరు గాళ్ళ లోతు సుమారు 8 మి.మీ. మన దేశపు నిబంధనల ప్రకారం కారు టైరుకు 1.6 మి.మీ. కంటే తగ్గరాదు. గాళ్ళ అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు కాలం తీరినట్లే. ఇక ఎంత మంచి టైరైనా డ్రైవరు కన్నుకు బదులు రాదు. ప్రమాదాన్ని చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడితే, 50 కి.మీ. వేగంలో కారు అప్పటికే 14 మీటర్లు పోయి ఉంటుంది. ఫోను చూస్తూ నడిపేవాడిని ఏ టైరూ కాపాడలేదు.

చేసి చూడండి

1. మీ వీధిలో ఆగి ఉన్న ఐదు కార్ల టైర్ల మీది అంకెలు రాసుకుని, ఒక్కొక్కదాని బయటి వ్యాసం కట్టండి. యజమానిని అడిగి, సన్నని స్కేలుతో గాళ్ళ లోతు కొలవండి.

2. టైరు మీద తయారైన వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలు వెతకండి. 3524 అంటే 2024వ సంవత్సరం 35వ వారం.

3. చెక్కపలక మీద మెత్తని రబ్బరును, గట్టి ప్లాస్టిక్ ముక్కను ఉంచి, పలక ఒక అంచును నెమ్మదిగా పైకెత్తండి. జారడం మొదలైనప్పుడు పలక ఎత్తును అడుగు పొడవుతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. పలకను తడిపి మళ్లీ చేయండి. ప్రతిసారీ ఒక్కటే మార్చాలని మరువకండి.

4. జనవరి ఉదయం 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర టైరులో 33 పౌన్ల గాలి ఉంది. మే మధ్యాహ్నం 42 డిగ్రీలకు ఎంత అవుతుంది? గాలి ఏమీ పోలేదనుకోండి. వాతావరణ పీడనం 14.7 పౌన్లు కలిపి, కెల్విన్ డిగ్రీల్లో లెక్క కట్టాలి సుమా! నాలుగు పౌన్లకు పైగా పెరిగినట్లు వస్తే మీ లెక్క సరియైనదే. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే ఎందుకు చూపించాలో అప్పుడు మీరే చెప్పగలరు.